మెడ నాది, ముఖం అద్దెది

సిడ్నీలో ఏ తెలుగువాళ్ళ ఫంక్షన్‌లో తీసిన గ్రూప్ ఫోటో చూసినా మా ఆడవాళ్ళని ఇట్టే గుర్తుపట్టవచ్చు. పట్టుచీరలు చూసి కాదు, మెడలు చూసి. మెడ వరకు ఒక మనిషి, మెడ పైన ఇంకో మనిషి. మెడలు మావి, ముఖాలు అద్దెవి. పదిహేనేళ్ళుగా ఆ ఫోటోల్లో నేనూ ఉన్నాను. రెండో వరసలో, ఎడమ నుంచి మూడో బూడిదగుమ్మడికాయని.

నాది చామనఛాయ. ఆ మాట కనిపెట్టిన మహానుభావులెవరో గానీ వాళ్ళకి దండం పెట్టాలి. నలుపు అనడానికి నోరు రాక, తెలుపు అనడానికి మనసొప్పక, మధ్యలో వేసిన పీట అది. తెనాలిలో మా ఇంట్లో నాకు అంత మర్యాద కూడా దక్కలేదు. "పిల్ల రంగు తక్కువ" అనేవారు, కూరలో ఉప్పు తక్కువ అన్నంత మామూలుగా. ఉప్పు తక్కువైతే పైన చల్లుకుంటాం కదా, అలాగే నా ముఖం మీద ఏదో ఒకటి చల్లుతూ పెంచారు. శనగపిండి, మీగడ, నిమ్మతొక్కలు, ఒక ఎండాకాలమంతా బొప్పాయి గుజ్జు. వంటింట్లో ఏది మిగిలితే అది నా ముఖానికి వచ్చేది. అన్నీ తిని, హాయిగా తేన్చి, నా చర్మం ఎప్పటి రంగులోనే ఉండిపోయింది.

ఆస్ట్రేలియా వచ్చాం. ఉద్యోగాలు దొరికాయి, సిడ్నీ శివార్లలో ద పాండ్స్ అనేచోట ఇల్లు అమరింది, బుద్ధి మాత్రం తెనాలిలోనే ఆగిపోయింది. ఇక్కడ మొట్టమొదట ఫౌండేషన్ కొన్న రోజు నాకు బాగా గుర్తు. ఫౌండేషన్ అంటే ముఖం రంగులో కలిసిపోయి మచ్చల్ని కప్పాల్సిన వస్తువు. మేము దాన్ని ఇంటికి సున్నం వేసినట్టు వాడతాం. నా రంగు సీసా చేతిలోకి తీసుకుని, చూసి, పక్కన పెట్టి, దానికంటే రెండు షేడ్లు తెల్లగా ఉన్నది కొన్నాను. చెప్పులు కొనేటప్పుడు ఎవరైనా కావాలని రెండు సైజులు చిన్నవి కొంటారా? ముఖానికి మాత్రం కొంటాం. పైగా ఇరుకు అనిపించదు, అందం అనిపిస్తుంది.

ఒకసారి లేటైపోయి మేకప్ లేకుండా ఆఫీసుకి పరిగెత్తాను. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన నా ఐడీ కార్డులోని ఫోటోని, నన్ను మార్చి మార్చి చూసి, చాలా మర్యాదగా ఇంకేదైనా గుర్తింపు ఉందా అని అడిగాడు. డ్రైవింగ్ లైసెన్స్ తీసి ఇచ్చాను. అందులో ఇంకా తెల్లగా ఉన్నాను.

మా ఆయన తెల్లగా ఉంటాడు. అందులో ఆయన చేసిందేమీ లేదు, అయినా మా అత్తగారు అదేదో పరీక్ష రాసి తెచ్చుకున్నట్టు చెబుతారు. మాకు ఒక్కతే అమ్మాయి, పదిహేనేళ్ళది. ఇక్కడే పుట్టింది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. దానికి నా ముక్కు వచ్చింది, నా మొండితనం వచ్చింది, రంగూ నాదే వచ్చింది. మూడోదాని గురించి మాత్రమే జనం నాకు సానుభూతి చెబుతారు.

పోయిన ఏడాది ఒక ఆదివారం హెలెన్స్‌బర్గ్ గుడికి వెళ్ళాం. దర్శనం అయ్యాక క్యాంటీన్లో ఒక ఆంటీ ఎదురుపడ్డారు. ఆవిడ డాక్టరు, ముప్పై ఏళ్ళుగా ఈ దేశంలో ఉన్నారు, ఎవరూ అడగకుండానే సలహా ఇచ్చే విశాల హృదయం. మా అమ్మాయిని తల నుంచి కాళ్ళ దాకా పరీక్షించి, బాగా ఎదిగిందని మెచ్చుకుని, ఆ తర్వాత గొంతు కాస్త తగ్గించి రోగనిర్ధారణ చేశారు.

"నీ రంగే వచ్చిందమ్మా, పాపం. వాళ్ళ నాన్నది రావాల్సింది."

ఇక్కడ నేను ఆవిడని కడిగేశానని రాస్తే చదవడానికి బాగుంటుంది. కడగలేదు. నవ్వాను. నవ్వి ఊరుకున్నా బాగుండేది, నా నోరు ఊరుకోదు కదా.

"అవునాంటీ, రంగు తక్కువే. కానీ కళగా ఉంటుంది" అన్నాను.

ఎవరూ నా పీక మీద కత్తి పెట్టలేదు. ఎదురుగా ఉన్నావిడని ఇబ్బంది పెట్టకుండా నా కూతుర్ని నేనే ఒక మెట్టు దించి, పక్కన చిన్న ముక్కాలిపీట వేసి కూర్చోబెట్టాను. మా అమ్మాయి పులిహోర ప్లేటు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.

కారు హైవే ఎక్కాక అది వెనక సీట్లోంచి అడిగింది.

"అమ్మా, రంగు తక్కువ అంటే లెస్ కలర్ కదా? బట్ ఐ హావ్ మోర్ కలర్. నాన్నకి కదా తక్కువ?"

నేను నలభై మూడేళ్ళుగా ఆ మాట వింటున్నాను. అంటున్నాను కూడా. దాని అర్థం తలకిందులుగా ఉందని నాకు ఒక్కసారైనా తట్టలేదు. రంగు ఉన్నవాళ్ళని రంగు తక్కువ అంటాం, లేనివాళ్ళని మంచి రంగు అంటాం, మళ్ళీ లెక్కల్లో మనవాళ్ళని మించినవాళ్ళు లేరని చెప్పుకుంటాం. అది అలా అంటారంతే అన్నాను. మా ఆయన సైన్‌బోర్డులు చదవడంలో మునిగిపోయాడు. పదిహేనేళ్ళుగా వెళ్ళివస్తున్న దారి అది.

"మరి కళ అంటే? కన్సొలేషన్ ప్రైజా?"

నేను రేడియో సౌండ్ పెంచాను. ఎందుకంటే సరిగ్గా అదే.

ఆ తర్వాత అది గొడవేమీ చెయ్యలేదు. చేస్తే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది. ఫోటోలు దిగడం మానేసింది, అంతే. ఫోన్ ఎత్తితే చాలు, జుట్టు ముందుకేసుకునేది, లేదా తనే తీస్తానని నా చేతిలోంచి లాక్కునేది. మా ఆయన పుట్టినరోజు ఫోటోల్లో కేకు ఉంది, మేమిద్దరం ఉన్నాం, దాని మోచెయ్యి ఉంది. ఈ వయసులో పిల్లలంతా ఇంతేలే అని సర్దిచెప్పుకున్నాను. మనకి ఇబ్బందైన విషయాలన్నిటికీ వయసు ఒకటి దొరుకుతుంది.

అప్పుడే దాని స్కూలు ఫార్మల్ దగ్గర పడింది. పదో తరగతి పిల్లలు కొత్త బట్టలు వేసుకుని, ఒక సాయంత్రం అందరూ ఒకచోట చేరి, తిని, గంతులేసి, వెయ్యి ఫోటోలు దిగే పండగ అది. ముదురాకుపచ్చ గౌను అదే ఎంచుకుని, తెచ్చి బీరువా తలుపుకి తగిలించింది. తీరా అన్నీ అయ్యాక, వెళ్ళాలో లేదో ఇంకా అనుకోలేదు అంది. ఎందుకని అడిగితే, అక్కడందరూ ఫోటోలు తీస్తారు అంది.

ఒక శనివారం పొద్దున్న బాత్రూమ్ తలుపు ఓరగా తీసి ఉంటే లోపలికి చూశాను. అద్దం ముందు నిలబడి ఉంది. చేతిలో నా సీసా. నుదుటి నుంచి గడ్డం దాకా మొత్తం పులుముకుంది. పొయ్యిలోంచి తీసిన పిడకలా బూడిద రంగులో ఉంది నా బంగారం ముఖం. అద్దంలోంచి నన్ను చూసింది.

"ఐ లుక్ లైక్ యూ" అంది.

ఏ ఇంట్లోనైనా కూతురు ఆ మాటంటే తల్లి మురిసిపోతుంది. నాకు తల కొట్టేసినట్టయింది. వెటకారంగా అనుంటే తిట్టి ఊరుకునేదాన్ని. వెటకారం కాదు. అది నిజంగానే ఎలా ఉంటుందో చూద్దామని వేసుకుంది. మా అమ్మ నాకు అంటించిన జబ్బుని నేను అందమైన సీసాలో పోసి, బాత్రూమ్ షెల్ఫులో దానికి అందేంత ఎత్తులో పెట్టాను. ఫార్మల్‌కి ఇంకా పన్నెండు రోజులుంది. ఆ పిల్ల తన ముఖంతో తను మా గుమ్మం దాటి వెళ్ళాలి. నాకు వేరే ఏమీ అక్కర్లేదు.

ముఖం కడుక్కో, బయటికెళ్దాం అన్నాను.

షాపింగ్ సెంటర్లో మేకప్ దుకాణానికి వెళ్ళాం. పదిహేనేళ్ళుగా అక్కడికి వెళ్తున్నాను గానీ సీసాల మీద పేర్లు ఆ రోజే తీరిగ్గా చదివాను. తెల్లవాళ్ళ షేడ్లకి పింగాణీ, దంతం, ముత్యం. అన్నీ అద్దాల బీరువాలో దాచుకునేవి. మన వైపు వచ్చేసరికి తేనె, కారమెల్, కాఫీ, చాక్లెట్. అంతా టిఫిన్ సెంటర్. లిప్‌స్టిక్కుల దగ్గర ఒకదాని మీద న్యూడ్ అని రాసి ఉంది. ఎవరి నగ్నత్వమో రాయలేదు. వేసి చూసుకుంటే మూడు రోజులు ఐసులో పెట్టిన మనిషిలా ఉన్నాను, కనుక నాది మాత్రం కాదు.

కౌంటర్ దగ్గరున్న అమ్మాయి నాకంటే నాలుగు షేడ్లు నలుపు. సన్నసన్న జడలు, రాగి రంగు కనురెప్పలు, ఇటుక రంగు పెదవులు. దుకాణంలో దీపాలన్నీ ఆ అమ్మాయి కోసమే పెట్టినట్టున్నాయి. నా అండర్‌టోన్ ఏమిటని అడిగింది. చర్మం పైరంగు కింద ఇంకో రంగు ఉంటుందట, పసుపు గానీ, గులాబీ గానీ, ఆకుపచ్చ గానీ. మావాళ్ళకి ఇంతకాలం పైరంగుతోనే సరిపోయింది. కింద కూడా ఒకటుందని తెలిస్తే దానికీ శనగపిండి పట్టించేవారు.

ఆ అమ్మాయి నా దవడ మీద మూడు సీసాలతో మూడు గీతలు గీసి, చెయ్యి పట్టుకుని పగటి వెలుతురున్న వాకిలి దగ్గరికి తీసుకెళ్ళి, పది నిమిషాలు ఆగమంది. కొన్ని రంగులు ఆరాక ముదురుతాయట. పది నిమిషాల తర్వాత పై గీత సుద్దముక్కలా ఉంది, కింది గీత మురికిలా ఉంది, మధ్య గీత కనిపించలేదు. కనిపించకుండా పోయిందే మీది అంది. నేను ఇన్నేళ్ళూ కనిపించడానికి వాడాను.

అప్పుడైనా నోరు మూసుకున్నానా. అలవాటు ప్రకారం కొంచెం బ్రైట్‌గా కావాలి అన్నాను. ఏ తెలుగు బ్యూటీపార్లర్‌లోనైనా ఆ మాటకి అర్థం ఒక్కటే, తెల్లగా చెయ్యమని. ఈ అమ్మాయికి ఆ అర్థం తెలియదు పాపం. ఓ, తప్పకుండా అని నవ్వి, బంగారు రంగు మెరుపు కాస్త వేలితో తీసి నా చెంప ఎముక మీద అద్దింది. అద్దంలో చూసుకున్నాను. వేసవి సాయంత్రం ఇంటి గోడ మీద పడే ఎండ నా చెంప మీద ఉంది. మా అమ్మాయి నన్ను చూసి, చాలా రోజుల తర్వాత, పళ్ళు కనిపించేలా నవ్వింది. నేను ఏమడగబోయి ఏం తెచ్చుకున్నానో దానికి పూర్తిగా అర్థమైంది.

ఇక ఆ అమ్మాయి ఆగలేదు. నా కళ్ళ కింద నల్లటి వలయాల మీద నారింజ రంగు పూసింది. పిచ్చిగానీ పట్టిందా అనుకున్నాను. పైన ఫౌండేషన్ వేస్తే వలయాలు లేవు, పదేళ్ళ ప్రాజెక్టు డెడ్‌లైన్లు మాయం. చెంపలకి లేత గులాబీ తీసుకుంటుంటే చెయ్యి అడ్డం పెట్టి ఇటుకరంగు ఇచ్చింది. పెదవులకి ముందు గోధుమరంగు పెన్సిల్‌తో అంచు గీసి, లోపల ముదురెరుపు. ఇలాంటి ఎరుపు నాకు నప్పదని మా పెద్దమ్మ నా పదహారో ఏట తీర్పు చెప్పింది. అప్పీలుకి వెళ్ళడానికి నాకు ఇరవై ఏడేళ్ళు పట్టింది.

తర్వాత మా అమ్మాయి కూర్చుంది. దాని దవడ మీద కూడా గీతలు గీస్తే అదే సీసా, అదే నంబరు. ఇద్దరికీ ఒకటి చాలు అంది కౌంటర్ అమ్మాయి. సంచి మా అమ్మాయే పట్టుకుంది.

పాత సీసా చెత్తబుట్టలో విసిరేశానని రాయాలనుంది. విసరలేదు. డ్రాయర్‌లో వెనక్కి తోశాను. నలభై మూడేళ్ళ భక్తి ఒక్క శనివారంతో పోదు.

సోమవారం నుంచి మాత్రం కొత్త ముఖం, అంటే పాతదే. ముందు సన్‌స్క్రీన్. ఈ దేశంలో అది రాసుకోకపోతే నేరం, తెల్లది రాసుకుంటే నాకు పిండి జల్లించినట్టుంటుంది, అందుకని రంగు కలిసినది వెతికి తెచ్చుకున్నాను. తర్వాత ఫౌండేషన్, అదీ ముఖమంతా కాదు, ముక్కు పక్కన, గడ్డం మీద, వేలితో నాలుగు అద్దులు. చెంపకి ఇటుకరంగు, కంటికి కాటుక, పెదవికి ఎరుపు. ఐదు నిమిషాల పని. ఇదివరకు ఇరవై నిమిషాలు పట్టేది. మనిషిని దాచెయ్యాలంటే టైమ్ పడుతుంది మరి. మెట్రో కిటికీ అద్దంలో నన్ను నేను చూసుకుంటూ ఆఫీసుకి వెళ్ళాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు నేను చాలా నచ్చాను. ఆ ఎరుపు ఎవరూ చూడకపోయినా నాకు తెలుస్తూనే ఉంది, కొత్త చెప్పులు వేసుకున్న రోజులాగా.

లోకం ఊరుకుంటుందా. మా ఆయన డల్‌గా ఉన్నావేంటి, జ్వరమా అన్నాడు. లంచ్‌లో తీసుకున్న ఫోటో వాట్సాప్ గ్రూపులో పెడితే ఒకావిడ టాన్ అయిపోయావేంటి, ఎండలో తిరక్కు అంది. మా ఆఫీసులో ఒక తెల్లావిడ వారాంతాల్లో బీచ్‌లో అటూ ఇటూ ఒత్తిగిలుతూ ఎండలో కాలేది నా రంగులోకి రావడానికే. ఎవరికి కావలసింది వాళ్ళ దగ్గర ఉండదు, అది తప్ప ఈ లోకానికి వేరే వ్యాపారం లేదు.

ఇవన్నీ మా అమ్మాయి చూస్తూనే ఉంది. ఫార్మల్‌కి వెళ్తానని గానీ, వెళ్ళనని గానీ అనలేదు. గౌను బీరువా తలుపుకే ఉంది. నేను అడగలేదు. అడగకుండా ఉండడం నాకు ఎంత కష్టమో నన్నెరిగినవాళ్ళకి తెలుసు.

ఫార్మల్ రోజు మధ్యాహ్నం మూడింటికి గౌను వేసుకుని మా గదిలోకి వచ్చింది. కిటికీ దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుని, ముఖం నా వైపు ఎత్తింది. నువ్వు చెయ్యి అంది. ఏమీ ఎరగనట్టు సీసా మూత తీశాను.

స్పాంజితో పల్చగా అద్దాను. దాని చర్మంలోకి రంగు ఇంకిపోయింది. చెంపలకి ఇటుకరంగు. ఆ ముదురాకుపచ్చ పైన దాని ముఖం ఎలా ఉందో నేను చెప్పను, నాదే దిష్టి తగులుతుంది. గడ్డం పట్టుకుని, కళ్ళు మూసుకోమని, కుడికంటికి లైనర్ పెట్టడం పూర్తి చేశాను. కళ్ళు మూసుకునే అంది, తెలుగులో, మాట మాట వెతుక్కుంటూ.

"కిండీ ఫస్ట్ డే కూడా ఇలాగే పట్టుకున్నావు. చిన్ ఇలా. పౌడర్ వేశావు, వైట్‌ది."

నాకూ గుర్తుంది, మొదటిసారి బళ్ళో దింపిన రోజు. ఐదేళ్ళది, మోకాళ్ళ దాకా యూనిఫామ్, వీపుకంటే పెద్ద బ్యాగు. వాకిట్లో నిలబెట్టి ఫోటో తీసే ముందు కాస్త పౌడర్ అద్దాను, ఫోటోలో బాగా పడాలని. అవును, అప్పుడెంత ముద్దుగా ఉన్నావో అన్నాను.

"నేను డర్టీ అనుకున్నా అమ్మా. అందుకే వేశావు అనుకున్నా. లంచ్‌టైమ్‌లో ట్యాప్ దగ్గర వాష్ చేసుకున్నా. సోప్ కూడా పెట్టా. చాలాసేపు. పోలేదు."

హెలెన్స్‌బర్గ్‌లో మొదలైందనుకున్నాను నేను. ఆ ఆంటీ మీద, మా అమ్మ మీద, మా అత్తగారి మీద, ఊళ్ళో ఉన్న అందరి మీద తోసెయ్యవచ్చు అనుకున్నాను. ఐదేళ్ళ పిల్ల స్కూలు కుళాయి దగ్గర ఒక్కతే నిలబడి సబ్బుతో ముఖం రుద్దుకుంది. బడికి పంపిన మొదటి రోజే, నా చేత్తో నేనే పంపాను అలా. ఆ రోజు సాయంత్రం ఇంటికొచ్చాక ముఖం ఎందుకు ఎర్రగా ఉందని అడిగానా? అడిగి ఉంటాను. కొత్త చోటు కదా, ఏడ్చి ఉంటుందనుకుని ఉంటాను.

నాకు ఏడుపు ఆగలేదు. నాదే తప్పు నాన్నా, నువ్వెప్పుడూ డర్టీగా లేవు, నాకే కళ్ళు సరిగ్గా లేవు అన్నాను. ఇంకా ఏదేదో అన్నాను. అది కళ్ళు తెరిచి నన్ను చూసింది. ఇట్స్ ఓకే అనలేదు. అలాంటి మాట ఊరికే అనేసే పిల్ల కాదు, ఆ విషయంలో నా పోలికే.

"ఏడవకు, నీ హ్యాండ్ షేక్ అవుతుంది" అంది. "రెండో కన్ను ఉంది ఇంకా."

మళ్ళీ కళ్ళు మూసుకుని ముఖం ఎత్తింది. పెట్టాను. చెయ్యి వణికి గీత వంకర పోయింది. తుడిచి మళ్ళీ పెడతానన్నాను. వద్దు, ఉండనీ అని లేచి, గుమ్మం దాటి ఫార్మల్‌కి వెళ్ళిపోయింది.